కబురు ఎవరు చెప్తరు?

బాటసింగారం పండ్ల మార్కెట్ దగ్గర బస్సెక్కితే ఎల్బీనగర్ చేరేలోగా ఒక అధ్యాయం పూర్తవుతుంది. కొన్ని నెలలుగా ఆ దారిలో వస్తూ పోతూ ఒకే నవలల వరుస చదువుతున్నాను. అమెరికన్ రచయిత డేవిడ్ వెబర్ 1993లో మొదలుపెట్టి 2018 దాకా నడిపిన ఆనర్ హ్యారింగ్టన్ నవలలవి. ప్రధాన కథే పద్నాలుగు సంపుటాలు. నక్షత్రాల మధ్య తిరిగే యుద్ధనౌకలు, వాటిలో ఉద్యోగం చేసే మనుషులు, ఏళ్ల తరబడి తెగని యుద్ధం. మిలిటరీ సైన్స్ ఫిక్షన్ అంటారు దీన్ని.

ఒకనాడు పక్క సీట్లో ఒక కుర్రాడు కూర్చున్నాడు. కాళ్ల దగ్గర నల్ల ట్రంకుపెట్టె, దాని మీద తెల్ల రంగుతో రాసిన పేరు, నంబరు. సెలవు ముగించుకుని యూనిట్‌కు తిరిగిపోతున్న జవాను. అట్ట మీది బొమ్మ చూసి ‘ఏం కథ సార్ ఇది’ అని అడిగాడు. ఒక నౌకా కెప్టెన్ కథ అని చెప్పాను. శిక్షగా ఆమెను మారుమూల కాపలాకు పంపుతారని, రెండో నవలలో ఒక కన్ను పోతుందని, తర్వాత ఒక చేయి కూడా పోతుందని, అయినా కొలువు వదలదని చెప్పాను. అతను కాసేపు కిటికీలోంచి బయటికి చూసి, ‘మరి ఆమెతోని ఉండి సచ్చిపోయినోళ్ల ఇండ్లకు కబురు ఎవరు చెప్తరు సార్?’ అన్నాడు.

నాకు వెంటనే జవాబు తోచలేదు. ఇల్లు చేరాక ఆ ప్రశ్నను పక్కన పెట్టుకుని చదివిన సంపుటాలన్నీ మళ్లీ తిరగేశాను. యుద్ధ కథకు అసలు పరీక్ష ఆ ప్రశ్నలోనే ఉందని అప్పుడు తెలిసింది.

ఒక్క నవలలో యుద్ధం గెలిపించడం సులువు. చివరి పేజీలో జెండా ఎగురుతుంది, పుస్తకం మూసేస్తాం. వరుస నవలల్లో ఆ సౌకర్యం లేదు. మొదటి సంపుటంలో ఆనర్ నడిపిన పాత ఓడ గెలుస్తుంది గానీ సిబ్బందిలో ఎందరో మిగలరు. నాలుగో సంపుటంలో ఆమె ప్రేమించిన మనిషి ద్వంద్వ యుద్ధంలో చచ్చిపోతాడు. ఆ తర్వాతి సంపుటాల్లో ఆమె హోదా పెరుగుతూ పోతుంది, చనిపోయినవాళ్ల లెక్కా దాంతోపాటే పెరుగుతుంది. పాఠకుడు కూడా ఆ లెక్క మోయాల్సిందే. పద్నాలుగు పుస్తకాలు చదవడమంటే ఒక సైన్యంతో కలిసి ముసలివాళ్లం కావడమే.

యుద్ధం ఎందుకొచ్చిందో చెప్పడానికి కూడా ఈ నిడివి కావాలి. ఆనర్ పుట్టిన మాంటికోర్ చిన్న రాజ్యం. నక్షత్రాల మధ్య దగ్గరిదారులు కలిసే కూడలి దాని చేతిలో ఉంది కనుక, అటూ ఇటూ పోయే సరుకు ఓడల సుంకంతో సంపన్నమైంది. పక్కనున్న హేవెన్‌లో ప్రజలకు పంచే భృతికి ఖజానా చాలదు. అందుకని ఇరుగుపొరుగు రాజ్యాలను మింగుతూ ఉంటుంది. విజయవాడ రహదారి మీద టోల్‌గేటు ముందు బారులు తీరిన లారీలను చూసినవాళ్లకు ఈ రాజకీయం చప్పున అర్థమవుతుంది. దారి ఎవరిదో సంపద వాళ్లది. పేచీ కూడా అక్కడే పుడుతుంది.

వరుస కథ మనకు కొత్త కాదు. ‘చందమామ’లో దాసరి సుబ్రహ్మణ్యం 1954లో ‘తోకచుక్క’తో మొదలుపెట్టి పాతికేళ్ల పాటు పన్నెండు ధారావాహికలు రాశారు. మధుబాబు షాడో నవలల కోసం అద్దె పుస్తకాల షాపు ముందు కాచుకున్న తరం ఇంకా మన మధ్యే ఉంది. వాటికన్నా ఎంతో ముందు పల్నాటి వీరుల కథ ఉంది. కారంపూడిలో ఏటా కార్తీక మాసంలో ఐదు రోజుల పాటు రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అంటూ ఆ యుద్ధాన్ని ఘట్టాలుగా తలుచుకుంటారు. వీరవిద్యావంతులు కథ పాడతారు. కోడిపందెంలో మొదలైన పగ రెండు రాజ్యాలను ఎలా ఊడ్చేసిందో ఊరంతా మళ్లీ వింటుంది. ఆ కథకులు రణరంగంలోనే ఆగిపోలేదు. యుద్ధానికి బయల్దేరిన బాలచంద్రుణ్ణి భార్య మాంచాల గడప దాకా తీసుకెళ్లి నిలబెట్టారు. జవాను అడిగిన ప్రశ్న వందల ఏళ్ల కిందటే వాళ్లకు తట్టింది.

ఇప్పుడు మన దగ్గర ఏముంది? ఎల్బీనగర్ నుంచి చంపాపేట మీదుగా పోతే కంచన్‌బాగ్ వస్తుంది. క్షిపణులు రూపొందించే ప్రయోగశాల డీఆర్‌డీఎల్ అక్కడే, వాటిని తయారుచేసే, 1970లో పెట్టిన భారత్ డైనమిక్స్ అక్కడే. 1983లో అబ్దుల్ కలాం నాయకత్వంలో క్షిపణుల కార్యక్రమం మొదలైంది అక్కడే. 1989 మే 22న అగ్ని తొలిసారి ఎగిరిన వెనుక ఈ తూర్పు హైదరాబాద్ ప్రయోగశాలల పని ఉంది. ఆ గేట్లలోంచి సాయంత్రం బయటికొచ్చే ఉద్యోగులు ఈ కాలనీల్లోనే కూరగాయలు కొంటారు. దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో ఉండి, చీకటితోనే లేచి పరుగు ప్రాక్టీసు చేసి, పగలంతా రక్షణ కొలువుల పరీక్షలకు చదివే పిల్లలున్నారు. క్షిపణి చేసే చేతులు, తుపాకి పట్టబోయే చేతులు ఇక్కడే ఉన్నాయి. వాళ్ల రేపటిని ఊహించే తెలుగు నవలల వరుస మాత్రం నాకు తెలిసినంతలో లేదు. ఇది మన సాహిత్యానికి పెద్ద లోటని ఈ పత్రిక నమ్ముతోంది.

యుద్ధం మీద ఇష్టంతో చెబుతున్న మాట కాదిది. వియత్నాంలో గాయపడి తిరిగొచ్చిన జో హాల్డెమన్ 1974లో ‘ది ఫరెవర్ వార్’ రాశాడు. అందులో సైనికుడు కాంతి వేగానికి దగ్గరగా పోయి పోరాడి వచ్చేసరికి భూమి మీద తరాలు గడిచిపోయి ఉంటాయి. రెండేళ్ల తర్వాత సెలవు మీద వచ్చి బాటసింగారంలో బస్సు దిగి, పొలాలుండిన చోట గోదాములు చూసి నిలబడిపోయే జవానుకు ఆ కథ విడమరిచి చెప్పనక్కర్లేదు. భవిష్యత్తును ఊహించే కథ చేయగల మేలు అదే. యుద్ధం రాకముందే దాని ఖరీదు చూపిస్తుంది.

అందుకే రచయితలకు ఒక విన్నపం. ప్రయోగశాలల్లో పనిచేసేవాళ్లు, పదవీ విరమణ చేసిన సైనికులు, హాస్టల్ గదుల్లోని కుర్రవాళ్లు, అమ్మాయిలు ఎవరైనా సరే, పెద్ద కథ తలపెట్టండి. ఒక్క సంపుటంలో ముగించాలన్న తొందర వద్దు. ఓడల వేగం, ఆయుధాల లెక్క సరిగ్గా రాయండి. ఆ లెక్క పూర్తయ్యాక, చనిపోయినవాళ్ల ఇంటికి కబురు మోసుకెళ్లి తలుపు తట్టే మనిషిని కూడా రాయండి. అలాంటి కథ వస్తే, ఎన్ని సంచికలు పట్టినా, ఈ పత్రికలో చోటు ఉంటుంది.