మన మాట: ఫైలు చేతికివ్వండి

ఆగస్టు నెల వచ్చిందంటే మన అల్ ఐన్ తెలుగు ఇళ్ళలో రెండు రకాల హడావుడి. సెలవులకు ఊరు వెళ్ళి వచ్చినవారు ఆవకాయ సీసాలూ అప్పడాల కట్టలూ సర్దుకుంటూ ఉంటారు. పన్నెండో తరగతి పూర్తయిన పిల్లలున్న ఇళ్ళలో మాత్రం హాలు నిండా సర్టిఫికెట్లు, ఫోటోలు, జిరాక్సు కాగితాలు పరచుకుని కూర్చుంటారు. ఈ నెల మా మాటలు ఈ రెండో రకం ఇళ్ళవారికి.

సీటు వచ్చింది, ఫీజు కట్టారు. ఇక తరగతులు మొదలయ్యేదాకా మిగిలిన పది పదిహేను రోజులూ బట్టలు, ల్యాప్‌టాప్ కొనడంతోనే గడిచిపోతాయి. అసలు పని ఒకటి మిగిలిపోతుంది. మన ఇళ్ళలో పాస్‌పోర్టులు, వీసా కాగితాలు, మార్కుల జాబితాలు అన్నీ ఒక ప్లాస్టిక్ ఫైలులో ఉంటాయి. ఆ ఫైలు నాన్నగారి బీరువాలో ఉంటుంది. టైపింగ్ సెంటరుకు ఆయనే వెళతారు, ఎమిరేట్స్ ఐడి గడువు ఆయనే గుర్తు పెట్టుకుంటారు. పద్దెనిమిదేళ్ళు వచ్చిన పిల్లలు ఒక ఆఫీసు గుమ్మం ఒంటరిగా ఎక్కి ఉండరు. ప్రేమతోనే చేశాం, కాదనం. కాని ఆ ఫైలు ఇప్పుడు చేతులు మారవలసిన సమయం వచ్చింది.

ముందు ఈ ఊళ్ళోనే చదవబోయేవారి సంగతి. 1971లో ఈ దేశం ఏర్పడితే, 1976లోనే షేక్ జాయెద్ అల్ ఐన్‌లో యు.ఎ.ఇ. విశ్వవిద్యాలయాన్ని స్థాపించారు. దేశంలో అదే మొదటి జాతీయ విశ్వవిద్యాలయం. ప్రైవేటు కళాశాలలు తరవాత వచ్చాయి. ఒకప్పుడు కొడుక్కి 18 ఏళ్ళు నిండగానే వీసా బెంగ పట్టుకునేది. 2022 అక్టోబరు నుంచి పెళ్ళికాని కొడుకుల్ని 25 ఏళ్ళ వరకు తల్లిదండ్రుల వీసా మీదే ఉంచుకునే వీలు వచ్చింది. అందుచేత ఇక్కడే చదివించాలన్న ఆలోచన మన ఇళ్ళలో పెరిగింది.

అయితే ఇక్కడి పద్ధతి మనం చదువుకున్న పద్ధతి కాదు. మన రోజుల్లో టైంటేబులు నోటీసు బోర్డు మీద వేసేవారు, దాని ప్రకారం వెళ్ళి కూర్చునేవాళ్ళం. ఇక్కడ ఏ పాఠం, ఏ వేళకు, ఎవరి దగ్గర అన్నది విద్యార్థే ఎంచుకుని నమోదు చేసుకోవాలి. నాలుగేళ్ళ డిగ్రీకి సుమారు 120 క్రెడిట్లు, సెమిస్టరుకు 15 అటూ ఇటూగా. ఒక పాఠం పూర్తయితేగాని తరవాతి పాఠం తీసుకోనివ్వరు. మొదటి సెమిస్టరులో మొదటి లెక్కల పాఠం తప్పిపోతే, దాని మీద ఆధారపడ్డ పాఠాలన్నీ వరసగా వెనక్కి జరుగుతాయి. పాఠాలు మార్చుకోవడానికి మొదట్లో కొద్ది రోజులే గడువు ఉంటుంది. ఆ గడువు తెలిపే ఉత్తరం పిల్లవాడి విశ్వవిద్యాలయం ఈమెయిలుకు వస్తుంది గాని, నాన్నగారి ఫోనుకు రాదు. ఇంటి వాట్సాప్ తప్ప మరొకటి తెరవని పిల్లవాడికి ఆ గడువు దాటిన సంగతి మూడు వారాల తరవాత గాని తెలియదు.

మార్కుల లెక్క కూడా ముందే కూర్చుని అర్థం చేసుకోవాలి. ఎ గ్రేడుకు 4, బి కి 3, సి కి 2 పాయింట్లు. మొత్తం మీద సగటు 2 కంటే తగ్గితే హెచ్చరిక వస్తుంది. మొదటి సెమిస్టరు 15 క్రెడిట్లలో సగటు 1.5 వచ్చిందనుకోండి. అది మళ్ళీ 2 కి చేరాలంటే తరవాతి 15 క్రెడిట్లలో 2.5 తెచ్చుకోవాలి. "మొదటి సెమిస్టరే కదా, ఫైనలియర్లో చూసుకుందాం" అనే మన పాత ధీమా ఇక్కడ పనికిరాదు.

కనక ఈ పది రోజుల్లో చేయించవలసినవి కొన్ని. తరగతులకు ముందే ఒక ఉదయం పిల్లలు తమంతట తామే క్యాంపస్‌కు వెళ్ళి రావాలి. మధ్యాహ్నపు ఎండలో గదులు వెతుక్కోవడం ఆగస్టులో ఎవరి తరమూ కాదు. శుక్రవారం ప్రభుత్వ కార్యాలయాలు మధ్యాహ్నం దాకానే పనిచేస్తాయన్నది మరచిపోకూడదు. తమ తరగతి గదులు, గ్రంథాలయం, రిజిస్ట్రారు ఆఫీసు, సలహాదారు గది ఎక్కడున్నాయో నడిచి చూసుకోవాలి. సలహాదారును కలిసి నాలుగేళ్ళ పాఠాల పట్టిక అడిగి తెచ్చుకోవాలి. యు.ఎ.ఇ. విశ్వవిద్యాలయంలో ఆడపిల్లల విభాగం వేరు గనక, తండ్రి లోపలికంటా వెళ్ళి దారి చూపే వీలు ఎలాగూ తక్కువ. అమ్మాయి తానే అడిగి తెలుసుకోవడం మొదటి రోజునుంచీ అలవాటు కావాలి.

ఇక హైదరాబాదుకో, విశాఖకో వెళ్ళే పిల్లలు. వీరికి చదువుకంటే ముందు ఊరు కొత్త. ఇంట్లో గలగలా తెలుగు మాట్లాడే పిల్లలే బస్సు బోర్డు చదవడానికి అక్షరాలు కూడబలుక్కుంటారు. ఇక్కడి బడుల్లో తొమ్మిదో తరగతి దాకా అరబిక్ తప్పనిసరి కాబట్టి అరబ్బీ బోర్డు చదవగలరు, తెలుగు బోర్డు చదవలేరు! ఈ పది రోజులూ రోజుకొక అరగంట తెలుగు అక్షరాలు దిద్దించండి. ఊరి పేర్లు చదవగలిగితే చాలు, మిగతాది ఊరే నేర్పుతుంది.

కాగితాల విషయం. సి.బి.ఎస్.ఇ. మైగ్రేషన్ సర్టిఫికెట్ అక్కడి విశ్వవిద్యాలయాలు అడుగుతాయి. దాన్ని పిల్లల చేతనే తీయించండి. ఇంకొకటి: ఇక్కడి నివాస వీసా ఉన్నవారు వరసగా ఆరు నెలలు దాటి దేశం బయట ఉంటే సాధారణంగా ఆ వీసాకు చిక్కు వస్తుంది. కనక సంక్రాంతి సెలవులకో, సెమిస్టరు సెలవులకో వచ్చి వెళ్ళే తేదీ ఇప్పుడే లెక్క వేసుకోవాలి. ఆ తేదీ రాసిపెట్టుకోవలసింది పిల్లలే. హాజరు 75 శాతం ఉండాలన్న నిబంధన అక్కడి కాలేజీల్లో సాధారణం గనక, వచ్చే తేదీనీ తరగతులనూ కలిపి చూసుకోవాలి.

కొందరు అమ్మానాన్నలు అడుగుతారు: "వాడు చిన్నవాడండీ, ఒక్కడే ఎలా చేసుకుంటాడు?" అని. చిన్న పొరపాట్లు చేస్తాడు. ఒక ఫారం తప్పుగా నింపుతాడు, ఒక ఆఫీసుకు రెండుసార్లు తిరుగుతాడు. మనం పక్కన ఉండగానే ఆ తిరుగుడు జరిగితే నష్టం లేదు. మూడేళ్ళ తరవాత మనలో ఎవరి ఉద్యోగం ఏ ఊరికి మారుతుందో, ఎవరు సామాను కట్టుకుని దేశం తిరిగి వెళతారో మనకే తెలియదు. అప్పుడు ఇక్కడ మిగిలేది పిల్లవాడూ, వాడి కాగితాలూ.

అందుచేత మా సలహా ఇది. ఈ శనివారం పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని ఫైలు విప్పండి. ఏ కాగితం దేనికో, దేని గడువు ఎప్పుడో చెప్పండి. నకళ్ళు మీ దగ్గర ఉంచుకుని, ఫైలు వారి చేతికివ్వండి. మన సంఘంలో ఇక్కడ చదువుతున్న పిల్లలూ, హైదరాబాదులో చదివి వచ్చిన పిల్లలూ ఉన్నారు. కొత్తవారు వారిని అడగడానికి మొహమాటపడనక్కరలేదు. పెద్దలు మాత్రం పిల్లల తరఫున ఫోను చెయ్యకండి, పిల్లల చేతనే చేయించండి.

కొత్తగా కళాశాల మెట్లెక్కుతున్న మన పిల్లలందరికీ మా శుభాకాంక్షలు.