పరుపు కాదు, పట్టీ చూడండి

సంక్రాంతికి హైదరాబాద్ నుంచి కోస్తాకు కదిలే కార్లు నందిగామ దాటి కీసర టోల్‌గేటు దగ్గర బారులు తీరినప్పుడు అద్దాల్లోంచి లోపలికి చూడండి. ముందు సీట్లో తల్లి ఒడిలో ఏడాది బిడ్డ ఉంటాడు. వెనక నాయనమ్మ తొడ మీద మూడేళ్ల పిల్ల నిద్రపోతుంటుంది. సన్‌రూఫ్‌లోంచి తల బయటపెట్టి ఎనిమిదేళ్ల పిల్లవాడు చేతులూపుతుంటాడు. టోల్ రుసుము ఫాస్టాగ్ నుంచి రూపాయి తేడా లేకుండా కోతపడుతుంది. బెల్టు లేని ఆ ముగ్గురు పిల్లలు మాత్రం ఎవరి లెక్కలోకీ రారు.

లెక్కలోకి తీసుకోవాలని చట్టం ఎప్పుడో చెప్పింది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలోని 194బి సెక్షన్ ప్రకారం, పద్నాలుగేళ్లు నిండని పిల్లలకు సీటు బెల్టు పెట్టకుండా, పిల్లల కోసం తయారైన రక్షణ సీటులోనూ కూర్చోబెట్టకుండా బండి నడిపితే వెయ్యి రూపాయల జరిమానా. నడపనిచ్చినవారికీ అదే శిక్ష. 2019 సెప్టెంబరు 1 నుంచి ఇది అమల్లో ఉంది. విజయవాడ బందరు రోడ్డు మీద హెల్మెట్ లేని కుర్రాడికి ఫొటోతో సహా చలానా పంపగల యంత్రాంగానికి, ఒడిలో పసిబిడ్డతో ముందు సీట్లో కూర్చున్న తల్లి కనిపించకపోవడం చూపు లోపం కాదు. అసలు అదొక నేరమని పోలీసులూ అనుకోవడం లేదు, తల్లిదండ్రులూ అనుకోవడం లేదు.

ప్రముఖులు పోయినప్పుడు మాత్రం మనకు బెల్టు గుర్తొస్తుంది. నిమ్మకూరులో పుట్టిన నందమూరి హరికృష్ణ 2018 ఆగస్టు 29న నల్గొండ జిల్లాలో కారు ప్రమాదంలో మరణించారు. 2022 సెప్టెంబరు 4న పాల్ఘర్ దగ్గర పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ కారు వెనక సీట్లోనే ప్రాణాలు వదిలారు. రెండుసార్లూ వారాల తరబడి సీటు బెల్టు మీద చర్చ సాగింది. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే, వారిలో 16,715 మంది బెల్టు పెట్టుకోనివారని కేంద్ర రవాణా శాఖే లెక్క తేల్చింది. ఆ చర్చంతా పెద్దల చుట్టూనే తిరిగింది. తన బెల్టు తాను పెట్టుకోలేని వయసువాళ్ల ఊసు అందులో లేదు.

ఈ నిర్లక్ష్యానికి ఈమధ్య మరో మాయ తోడైంది. అదే మెత్తదనం. నాలుగు డబ్బులున్న కుటుంబాలు ఇప్పుడిప్పుడే పిల్లల కారు సీట్లు కొంటున్నాయి. సంతోషమే. కానీ దుకాణంలో జరుగుతున్న పరీక్ష ఏమిటి? బొటనవేలితో నొక్కి చూస్తారు. ఎంత లోతుకు దిగితే అంత మంచి సీటు. అమ్మేవాడూ అదే పాట పాడతాడు: డబుల్ కుషన్, వెల్వెట్ గుడ్డ, మెడకు దిండు, పట్టీలకు మెత్తటి తొడుగులు. తయారీ ప్రమాణం ఏదని అడిగే తండ్రీ అరుదు, చెప్పే సేల్స్‌మనూ అరుదు. మన దేశంలో పిల్లల సీట్లకు ఏఐఎస్-072 ప్రమాణం ఉంది. ఐరోపాలో ఆర్44, దాని తర్వాత వచ్చిన ఆర్129 ఉన్నాయి. ఆ ముద్ర సీటు వెనకో అడుగునో ఉంటుంది. కొనేవాడి కళ్లు మాత్రం సీటు మీది ఏనుగు బొమ్మ దగ్గరే ఆగిపోతాయి.

ముందు ఒడి సంగతి తేల్చుకుందాం. గంటకు యాభై కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న కారు దేన్నైనా గుద్దుకుని సెకనులో పదో వంతులో ఆగిపోతే, పది కిలోల బిడ్డ ముందుకు విసురుకుపోయే బలం నూట నలభై కిలోల బరువుకు సమానం. ఆ బరువును చేతులతో ఆపగల తల్లి భూమ్మీద లేదు. ఆ వేగం మూడో అంతస్తు మీంచి పడితే నేలను తాకే వేగమంత. తల్లికీ బెల్టు లేకపోతే ఆమె బరువంతా బిడ్డను ముందు సీటుకో డాష్‌బోర్డుకో అదుముతుంది. ముందు ఎయిర్‌బ్యాగ్ ఉంటే అది రెప్పపాటులో పేలి బిడ్డ తలను కొడుతుంది. ఒడి ప్రేమకు గుర్తు. ప్రమాదంలో అదే బిడ్డను నలిపేస్తుంది.

ఈ మాట అమెరికా కూడా పాఠంగా నేర్చుకుంది. పిల్లల సీట్లను తప్పనిసరి చేస్తూ 1977లో తొలి చట్టం తెచ్చిన రాష్ట్రం టెన్నెసీ. పెద్దల చేతుల్లో ఉన్న బిడ్డకు మినహాయింపు ఇవ్వాలని శాసనసభ్యులు పట్టుబట్టి ఆ వెసులుబాటు చేర్పించారు. చట్టం కోసం పోరాడిన పిల్లల వైద్యుడు రాబర్ట్ శాండర్స్ ఆ సవరణను బిడ్డల్ని నలిపే సవరణ అని దుయ్యబట్టారు. 1981లో దాన్ని తొలగించారు. టెన్నెసీకి నాలుగేళ్లలో తెలిసొచ్చింది. మన చట్టంలో ఆ మినహాయింపు లేదు. దాన్ని మనమే ఆచారంగా చేర్చుకున్నాం.

ఇక మెత్తదనం. ప్రమాదంలో బిడ్డను కాపాడేవి మూడు: సీటు గట్టి డొప్ప, ఒంటికి బిగుతుగా పట్టిన ఐదు పట్టీలు, కారుకు కదలకుండా బిగిసిన పీట. వీపు కింద పెట్టిన మెత్తటి స్పాంజి గుద్దుకున్న క్షణంలో నలిగి పలచనవుతుంది. అప్పటిదాకా అది నింపిన ఖాళీ అంతా పట్టీలో వదులుగా మారుతుంది. కారు ఆగిపోయినా బిడ్డ ఆ వదులు మేరకు ముందుకు దూసుకెళ్లి, అప్పుడు పట్టీని గుద్దుకుంటుంది. తల మరింత ముందుకు వెళ్లి ముందు సీటును తాకుతుంది. అందుకే సీటుతో పాటు పరీక్షకు నిలవని అదనపు దిండ్లు, పట్టీ తొడుగులు, కింద వేసే బొంతలు వాడవద్దని నిపుణులు పదేపదే చెబుతారు. కంపెనీ ఇచ్చిన పసిపిల్లల మెత్త ఆ సీటుతోనే పరీక్షకు వెళ్లింది గనుక చెప్పిన వయసు వరకు వాడొచ్చు. బజార్లో విడిగా కొన్నదానికి ఆ హామీ లేదు.

నిజంగా ప్రాణం కాపాడే పొర ఒకటుంది. తలకు రెండు పక్కలా గుడ్డ కింద ఉండే గట్టి థర్మోకోల్ రకం నురుగు. హెల్మెట్ లోపలుండేదీ అదే. దెబ్బను తాను నలిగి తీసుకుంటుంది. వేలితో నొక్కితే దిగదు కాబట్టి బొటనవేలి పరీక్షలో అది ఓడిపోతుంది. ఒకసారి నలిగితే దాని పని అయిపోయినట్టే. ప్రమాదానికి గురైన సీటును, చరిత్ర తెలియని సెకండ్ హ్యాండ్ సీటును కొనకూడదన్నది అందుకే.

అయితే సౌకర్యం అక్కర్లేదా? తప్పకుండా కావాలి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయనే ఊళ్లో, మే నెలలో నలభై అయిదు డిగ్రీలు చూసే విజయవాడలో, ఎండలో నిలిపిన కారులోని నల్లటి సీటులో బిడ్డను కూర్చోబెడితే ఏడవకుండా ఉంటుందా? చెమటతో తడిసి గింజుకునే బిడ్డను చూసి తల్లి పట్టీ విప్పేస్తుంది. అక్కడే సీటు విలువ సున్నా అవుతుంది. కాబట్టి సౌకర్యం మీద శ్రద్ధ పెట్టాలి, కానీ సరైన చోట పెట్టాలి. గాలి ఆడే పలచటి గుడ్డ, బిడ్డ ఎత్తుకు తగ్గ పట్టీ, పసికందు తల ముందుకు వాలి ఊపిరి అడ్డుకోని వాలు, రెండు గంటలకోసారి విరామం. ఎక్కించే ముందు కారును చల్లబరచాలి, లోహపు బకిల్‌ను తుండుగుడ్డతో కప్పాలి. వీటికి పెద్ద ఖర్చు లేదు. లావు స్పాంజి వేసవిలో వేడిని పట్టి ఉంచుతుంది. కొన్న సుఖమే ఏడుపుకు కారణమవుతోంది.

మనలో ఇంకో వింత ఉంది. ఉయ్యూరు, గుడివాడ, అవనిగడ్డ నుంచి అమెరికా వెళ్లిన పిల్లలు అక్కడ ప్రసూతి ఆసుపత్రి నుంచి బిడ్డను కారు సీటులోనే ఇంటికి తెస్తారు. చట్టం అలాంటిది. అదే బిడ్డతో సెలవులకు వచ్చి గన్నవరంలో దిగగానే బిడ్డ అమ్మమ్మ ఒడిలోకి మారిపోతుంది. డల్లాస్‌లో వెనక్కి తిరిగిన సీటులో కూర్చున్న బిడ్డ హనుమాన్ జంక్షన్ దాకా ఒడిలో ప్రయాణిస్తుంది. భౌతిక శాస్త్రానికి వీసా అక్కర్లేదు. అక్కడ భయపడింది బిడ్డ ప్రాణానికా, జరిమానాకా అని ఆ తల్లిదండ్రులు తమను తాము ప్రశ్నించుకోవాలి.

కార్ల కంపెనీలకూ ఇందులో వాటా ఉంది. 2023 అక్టోబరు నుంచి అమల్లోకి వచ్చిన భారత్ ఎన్‌క్యాప్ క్రాష్ పరీక్ష పిల్లల భద్రతకు వేరుగా నక్షత్రాలిస్తుంది. ఆ పరీక్షలో ఏడాదిన్నర, మూడేళ్ల పిల్లల బొమ్మల్ని రక్షణ సీట్లలోనే కట్టి కారును గుద్దిస్తారు. ఒడిలో కూర్చున్న బిడ్డకు ఆ నక్షత్రాల్లో ఒక్కటీ వర్తించదు. ఈ ముక్క షోరూములో చెప్పేవారెవరు? ఇక సీటు బెల్టు అలారం మోగకుండా బకిల్‌లో గుచ్చే క్లిప్పులు సౌకర్యం పేరుతోనే అమ్ముడయ్యాయి. 2023 మేలో కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ ఆదేశిస్తే, ఆన్‌లైన్ అంగళ్ల నుంచి 13,118 ప్రకటనలు తొలగాయి. ప్రాణరక్షణను చిరాకుగా భావించే సమాజానికి అన్ని వేల ప్రకటనలు అవసరమయ్యాయంటే తప్పు అమ్మినవాడిది మాత్రమే కాదు.

కారున్నవాళ్ల పిల్లలకేనా ఈ గోల అని అడగవచ్చు. ప్రశ్న న్యాయమైనదే. డెల్టాలో ఎక్కువమంది పిల్లలు స్కూటర్ ముందు నిలబడి, ఆటోలో అంచున వేలాడి బడికి వెళ్తారు. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల పిల్లలకు ద్విచక్రవాహనంపై పట్టీ, హెల్మెట్, నలభై కిలోమీటర్ల వేగపరిమితి 2022లో ఖరారైన నిబంధన. అదీ కాగితం మీదే ఉంది. కొనగలిగినవాడికే కాపాడుకోవాలన్న ఆలోచన లేనప్పుడు, లేనివాడి బిడ్డ గురించి ప్రభుత్వం పట్టించుకుంటుందని ఎలా నమ్మాలి?

చేయవలసింది కొండంత కాదు. కాజ, పొట్టిపాడు, కీసర టోల్‌గేట్ల దగ్గర పండుగ రోజుల్లో పిల్లల బెల్టుకు ప్రత్యేక తనిఖీ పెట్టాలి. మొదటిసారి హెచ్చరిక, రెండోసారి జరిమానా. సూర్యారావుపేట ప్రసూతి ఆసుపత్రులు టీకాల కార్డుతో పాటు కారు సీటు ఎలా బిగించాలో కూడా చెప్పి పంపాలి. గన్నవరం విమానాశ్రయంలో అద్దె క్యాబులు పిల్లల సీటు అడిగినవారికి ఇవ్వాలి. కారు సీటుకు స్పాంజి, రెగ్జిన్ మార్చడంలో చేయి తిరిగిన ఆటోనగర్ పనివాళ్లకు రవాణా శాఖ ఒక్కరోజు శిక్షణ ఇస్తే, సీటు అంగుళానికి మించి కదలకుండా బిగించే నైపుణ్యం జిల్లా అంతా అందుబాటులోకి వస్తుంది. దుకాణాల్లో ప్రమాణ ముద్ర లేని సీట్ల అమ్మకాన్ని వినియోగదారుల వ్యవహారాల అధికారులు ఆపాలి.

తల్లిదండ్రుల వంతు ఇంకా సులువు. సీటు కొనేటప్పుడు మెత్తను నొక్కడం మానేసి ముద్రను వెతకండి. బిడ్డను కూర్చోబెట్టాక భుజం దగ్గర పట్టీని చూపుడు వేలు, బొటనవేలు మధ్య పట్టి గిచ్చండి. మడత వస్తే బిగించండి. సీటు అనుమతించినంత కాలం పసిబిడ్డ ముఖాన్ని కారు వెనక వైపే ఉంచండి. బిడ్డ ఏడిస్తే కారు ఆపి ఎత్తుకోండి, కదులుతున్న బండిలో పట్టీ విప్పకండి. దీనికి ప్రభుత్వ ఉత్తర్వు అక్కర్లేదు. ఈ ఆదివారం అమ్మమ్మగారింటికి వెళ్లే ప్రయాణం నుంచే మొదలుపెట్టవచ్చు.