ఇంట్లోనే కదా!

“మాకు ఆఫీసు అద్దె లేదండీ, ఇంటినుంచే పని. అందుకే తక్కువకి చేస్తాం.”

ఈ మాట నేను ఎన్ని వందలసార్లు అన్నానో లెక్కలేదు. విజయవాడలో ఇంట్లో కూర్చుని వెబ్‌సైట్లు చేసే నా తోటివాళ్ళలో దాదాపు అందరూ అన్నారు. ఇవాళ దుకాణదారు మా కొటేషన్ చూసి “ఇంట్లోనే కదా చేసేది, ఇంతెందుకు?” అంటే మాకు ఒళ్ళు మండుతుంది. ఆ మాట ఆయనకి నేర్పింది మేమే.

అద్దె లేకపోవడమంటే ఏమిటో మా ఇంటికొచ్చి చూడాలి. రెండు గదుల్లో ఒకటి నా పనికే పోయింది. క్లయింట్ ఫోన్ చేస్తే మా ఆవిడ పాపని ఎత్తుకుని మేడమీదికి వెళ్ళేది, మే నెల మిట్టమధ్యాహ్నమైనా సరే. కుక్కర్ విజిల్ వినిపించకూడదని స్టవ్ కట్టేసేది. నా కొటేషన్‌లో డొమైన్ ఉంది, హోస్టింగ్ ఉంది. ఆ ఎండ లేదు. క్లయింట్‌కి మేము తగ్గించి ఇచ్చిన ప్రతి రూపాయీ మా ఇళ్ళల్లో ఆడవాళ్ళని అడక్కుండా తీసుకున్నదే.

అమీర్‌పేటలో కోర్సు చేసినప్పుడు హెచ్‌టీఎంఎల్ నేర్పారు, సీఎస్ఎస్ నేర్పారు, పీహెచ్‌పీ నేర్పారు. రేటు చెప్పడం ఎవరూ నేర్పలేదు. అది వాళ్ళ తప్పనను. ఒకరికొకరం నేర్పుకోవచ్చు కదా! మాకో వాట్సాప్ గ్రూపుంది, నలభై మందిమి. అర్ధరాత్రి ఎవరి సైటైనా పడిపోతే పది నిమిషాల్లో ముగ్గురు సాయానికొస్తారు. అదే గ్రూపులో “ఐదు పేజీల సైటుకి ఎంత తీసుకుంటున్నారు?” అని ఎవరైనా అడిగితే నలభై మందీ చూస్తారు, ఒక్కరూ జవాబివ్వరు. చెబితే పక్కవాడు అంతకంటే తక్కువ చెప్పి పని ఎగరేసుకుపోతాడని భయం. ఆ భయం నిజమైనదేనని నాకు తెలుసు. ఆ పక్కవాణ్ణి నేనే అయ్యాను.

2019లో వన్‌టౌన్‌లో ఒక చీరల దుకాణం. యజమాని సొరుగులోంచి ఒక కాగితం తీసి నా ముందు పెట్టాడు. “ఒకమ్మాయి 28 వేలు అంటోందండీ. మీరెంతకి చేస్తారు?” కాగితం చూడగానే పోల్చుకున్నాను. ఆ కొటేషన్ నమూనా నేనిచ్చిందే. గుంటూరు నుంచి వచ్చి నా దగ్గరే వర్డ్‌ప్రెస్ నేర్చుకున్న పిల్ల. ఏ పేజీకి ఎన్ని రోజులు, మార్పులు ఎన్నిసార్లు, చీరల ఫొటోలు ఎవరు తీయాలి, అన్నీ వరసగా రాసింది. నేను ఏనాడూ అంత శ్రద్ధగా రాయలేదు. 28 వేలు సరైన ధర అని నాకు తెలుసు. 12 వేలు అన్నాను. ఆయన బేరం కూడా ఆడలేదు.

రెండు రోజుల తర్వాత ఆ పిల్ల మెసేజ్ పెట్టింది. “అన్నయ్యా, వాళ్ళు వేరేవాళ్ళకి ఇచ్చేశారట. నా రేటు ఎక్కువైందా?”

“కొంచెం తగ్గించాల్సిందమ్మా” అని జవాబిచ్చాను.

తర్వాతి సైటు ఆమె 8 వేలకి చేసింది. ఆ తర్వాతి ఏడాది ఈ పనే మానేసి హైదరాబాద్‌లో ఏదో ఉద్యోగంలో చేరింది. ఆ జవాబు ఇప్పటికీ నా ఫోన్‌లో ఉంది.

ఆ 12 వేల పని ఏమైందో కూడా చెప్పాలి. మార్పుల మీద మార్పులు. ఉగాదికి ఒక బ్యానర్, శ్రావణమాసానికి ఒకటి. అన్నీ కలిపి 118 గంటలు పట్టింది. డొమైన్, హోస్టింగ్ ఖర్చు 3,600 తీసేస్తే మిగిలింది 8,400. గంటకి 71 రూపాయలు. మా వీధిలో గోడ కట్టిన తాపీమేస్త్రీకి గంటకి పడే కూలి అంతకంటే ఎక్కువే. ఆ ధరలో థీమ్ కొనడానికి డబ్బు మిగలదని లైసెన్సు లేని దొంగ కాపీ పెట్టాను. ఈ పని మాలో చేయనివాళ్ళు తక్కువ. ఎనిమిది నెలలకి గూగుల్‌లో ఆ దుకాణం పేరు కొడితే కింద వరసగా జపనీస్ అక్షరాలు, నకిలీ సరుకులమ్మే లింకులు. బ్యాకప్ లేదు. 71 రూపాయల గంటలో బ్యాకప్ ఎక్కడినుంచి వస్తుంది? “మీ వెబ్‌సైట్లవాళ్ళందరూ ఇంతేనా?” అని ఆయన ఫోన్‌లో అడిగాడు. ఆ బజారులో ఆ తర్వాత మాలో ఎవరు పనికి వెళ్ళినా ముందు ఆ కథ వినాల్సొచ్చింది.

మా సందు చివర సెలూన్‌లో అద్దం పక్కన రేట్ల పట్టిక వేలాడుతుంటుంది. కటింగుకి ఇంత, గడ్డానికి ఇంత, కింద నాయీబ్రాహ్మణ సంఘం ముద్ర. మంగళవారం సెలవు. నేను పదేళ్ళు ఆ కుర్చీలో కూర్చుని ఆ పట్టిక చదివాను. ఒక్కసారి కూడా బేరమాడలేదు. డిగ్రీలు చదివినవాళ్ళం, నలభై మందిమి, మాకు అలాంటి కాగితం ఒక్కటి లేదు, సెలవు రోజూ లేదు. అందరం ఒకే ధర పెట్టుకోవాలని నేననను. పనులు వేరు, చేతులు వేరు. ఎవరు ఎంత తీసుకుంటున్నారో, అందులో ఏమేం కలుస్తాయో ఒకరికొకరం దాచకుండా చెప్పుకుంటే ఆ గుంటూరు పిల్ల తన లెక్కని తానే అనుమానించుకునేది కాదు.

చేసిన పనికి రావాల్సిన డబ్బు రాబట్టుకోవడానికి చట్టాన్ని కూడా మేం వాడుకోలేదు. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల చట్టం ప్రకారం, నమోదైన చిన్న సంస్థకి రావాల్సిన డబ్బు, ఒప్పందం ఎలా రాసుకున్నా సరే, 45 రోజులు దాటకుండా ఇవ్వాలి. దాటితే రిజర్వు బ్యాంకు రేటుకి మూడు రెట్ల చక్రవడ్డీ. 2020 నుంచి ఉద్యం నమోదు ఆన్‌లైన్‌లో, ఉచితంగా. మా గ్రూపులో చేయించుకున్నవాళ్ళు ఇద్దరు. మిగతావాళ్ళం “సార్, బ్యాలెన్స్...” అని మెసేజ్ పెట్టి, నీలం టిక్కులు చూసుకుంటూ కూర్చున్నాం.

పోయిన నెల నరసరావుపేట నుంచి ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. “అన్నా, స్కూలు వెబ్‌సైట్ అడుగుతున్నారు. ఎంత చెప్పమంటావ్?” ఇన్నేళ్ళూ ఇలాంటివాళ్ళకి “నువ్వే చూసుకోరా” అని తప్పించుకున్నాను. ఈసారి నోటుబుక్ తెరిచాను. నెల ఖర్చు, కరెంటు, నెట్, నాలుగేళ్ళకోసారి మార్చాల్సిన లాప్‌టాప్, ఆరోగ్య బీమా, జ్వరమొచ్చి పడుకునే రోజులు చదివాను. నెలలో డబ్బొచ్చే పని రోజులు పన్నెండుకి మించవని, మిగతావి ఫోన్లకీ తిరుగుళ్ళకీ పోతాయని చెప్పాను. నేను పని చేసే గదికి పక్కింటి పోర్షన్ లెక్కన అద్దె కూడా కట్టాను. మొత్తాన్ని ఆ పన్నెండు రోజులకి పంచితే వచ్చిన అంకె చెప్పాను.

కుర్రాడు కాసేపు మాట్లాడలేదు. “ఇంత చెబితే ఇంకెవరో పది వేలకి చేస్తారన్నా” అన్నాడు.

“చేస్తారు. నేనూ చేశాను” అన్నాను.

ఆ పేజీ ఫొటో తీసి పంపమన్నాడు. పంపాను. పైన చీరల దుకాణం లెక్క కూడా ఉంది, 71 రూపాయలది. దాన్ని కొట్టేయకుండానే పంపాను. తర్వాత అదే ఫొటో గ్రూపులో పెట్టాను. నలభై మందీ చూశారు. రాత్రి పదకొండింటికి ఒకతను తన అంకె రాశాడు.