సాంచాల చప్పుడులో సైన్సు పాఠం

న్యూఢిల్లీ: పిల్లలకు సైన్సు ఎలా నేర్పుతున్నారని కేంద్ర విద్యా మంత్రిత్వ శాఖను అడిగితే సమాధానం అంకెల్లో వస్తుంది. 2020 మే నెలలో, కరోనా వల్ల బడులు మూతపడి ఉన్న రోజుల్లో, తరగతికొక టెలివిజన్ ఛానల్ చొప్పున 12 ఛానళ్లు ప్రకటించారు. 2022 బడ్జెట్‌లో వాటిని 200 చేస్తామన్నారు. అటల్ పేరిట బడుల్లో పెట్టిన ప్రయోగశాలలు 10,000 అయినవి. మరో 50,000 అయిదేళ్లలో వస్తాయని 2025 బడ్జెట్ ప్రసంగం చెప్పింది. అంకెలు ఘనమైనవే. ఇవి ఎవరి ఇంటి గుమ్మం దాకా వెళ్లి ఆగిపోతున్నాయో చూడాలంటే ఢిల్లీ దాటి సూరత్‌కు పోవలసి ఉంటుంది.

తపతీ నదికి ఉత్తరపు గట్టున ఉన్న అమ్రోలి ఒకప్పుడు విడి గ్రామం. ఇప్పుడు సూరత్ నగరంలో కలిసిపోయింది. మర మగ్గాల షెడ్లు, వాటి చుట్టూ కూలీల గదులు, పగలు పన్నెండు గంటలు, రాత్రి పన్నెండు గంటలు ఎడతెగని చప్పుడు. ఇక్కడి షెడ్లలో ఒడిశా నుంచి వచ్చిన కార్మికులు అధికం. నదికి ఆవలి ఒడ్డున లింబాయత్ వైపు పోతే తెలుగు మాట వినబడుతుంది. కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల పద్మశాలీలు చేతి మగ్గం కూడు పెట్టక, తరాల కిందటే పొట్ట చేతబట్టుకుని షోలాపూర్‌కు, భీవండికి, సూరత్‌కు చేరారు. సిరిసిల్లలో మర మగ్గాన్ని సాంచా అంటారు. సూరత్ గుజరాతీలోనూ దాదాపు అదే మాట. కాబోలు, ఆ ఒక్క మాట నేర్చుకునే శ్రమ మాత్రం మనవారికి తప్పింది!

సూరత్ నగర పాలక సంస్థను ఒక విషయంలో మెచ్చుకోక తప్పదు. గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియాలతో పాటు తెలుగు మాధ్యమంలోనూ అది ప్రాథమిక పాఠశాలలు నడుపుతున్నది. భాషాపరమైన అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాట్లు చేయాలని రాజ్యాంగంలోని 350-ఎ అధికరణం 1956 నుంచి చెబుతూనే ఉన్నది. తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలే తెలుగు మాధ్యమాన్ని వదిలించుకునే తొందరలో ఉన్న కాలంలో, ఒక గుజరాత్ నగరం తెలుగులో పలక పట్టిస్తున్నదంటే మన నాయకులు కాస్త సిగ్గుపడవలసిన సంగతే.

అయితే పలక పట్టించడం వేరు, ప్రశ్న పుట్టించడం వేరు. బొమ్మలు కదిలే చిన్న పాఠానికి ఇక్కడే పని ఉన్నది.

ఈ దేశానికి అది కొత్త విద్య కాదు. 1975 ఆగస్టు 1 నుంచి ఏడాది పాటు అమెరికా అంతరిక్ష సంస్థ అరువిచ్చిన ఏ.టి.ఎస్.-6 ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లోని దాదాపు 2,400 గ్రామాలకు టెలివిజన్ ప్రసారాలు జరిగాయి. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. కరెంటు సరిగా లేని పల్లెల్లో కోళ్ల గూటికి వాడే వల వంటి జాలీతో చేసిన మూడు మీటర్ల యాంటెన్నా, దాని కింద బడి, బడిలో ఒకే ఒక పెట్టె. ఉదయం పూట పిల్లలకు ఒక్కొక్క భాషలో 22½ నిమిషాలు. పాత తరం పాఠకులలో కొందరు ఆ పెట్టె ముందు కూర్చున్నవారే కావచ్చు. విక్రమ్ సారాభాయ్ 1969లో కుదిర్చిన ఒప్పందం అది. అమలు నాటికి ఆయన లేరు. అహ్మదాబాద్‌లోని అంతరిక్ష ఉపయోగాల కేంద్రాన్ని నడిపిన భౌతిక శాస్త్రవేత్త యశ్‌పాల్ ఆ బరువు మోశారు. ఆ ఏడాదంతా దేశంలో ఎమర్జెన్సీ అమలులో ఉన్నది. సాయంత్రపు ప్రసారాల్లో సర్కారు వారి గొప్పలకు కొదవ ఉండి ఉండదు. పిల్లల పాఠాలను కూడా ఆ ఖాతాలో వేయడం మాత్రం అన్యాయం.

ఆ ప్రయోగంలో గుర్తు పెట్టుకోవలసింది ఉపగ్రహం కంటే ఉపాధ్యాయుణ్ణి. అదే ఏడాదిలో రెండు విడతలుగా దాదాపు 48 వేల మంది ప్రాథమికోపాధ్యాయులకు సైన్సు బోధనలో శిక్షణ ఇచ్చారు. బొమ్మ ఆగిన తరువాత పిల్లవాడు లేచి అడిగే ప్రశ్నకు ఎవరో ఒకరు జవాబు చెప్పాలని, జవాబు తెలియకపోతే కలిసి వెతకాలని నాటివారికి తెలుసు. నేటి 200 ఛానళ్ల ప్రణాళికలో ఈ మనిషి ఎక్కడున్నాడో ఎంత వెతికినా కనబడడు. ఏడాది గడువు తీరగానే అమెరికా తన ఉపగ్రహాన్ని తాను తీసుకున్నది. జాలీ యాంటెన్నాలు మన దగ్గర మిగిలాయి.

ఏడు నిమిషాల బొమ్మల చిత్రం ఎంత పని చేయగలదో తెలియాలంటే ఫిల్మ్స్ డివిజన్ వారి ‘ఏక్ అనేక్ ఔర్ ఏక్తా’ను తలచుకుంటే చాలు. విజయా మూలే రూపకల్పనలో 1974లో వచ్చిన ఆ చిత్రంలో వలలో పడ్డ పక్షులు కలిసికట్టుగా వలతో సహా ఎగిరిపోతాయి, ఎలుకలు వచ్చి వల కొరుకుతాయి. దూరదర్శన్ తప్ప గతిలేని రోజుల్లో పెరిగిన వారెవరూ దానిని మరచిపోలేదు. సైన్సుకు అటువంటి చిత్రం ఒక్కటైనా మన తెలుగులో పుట్టలేదెందుకు? సరకు లేక కాదు. ఇదే ఢిల్లీలో జాతీయ భౌతిక ప్రయోగశాలలో పనిచేసిన మహీధర నళినీమోహన్ ‘పిడుగు దేవర కథ’, ‘క్యాలెండర్ కథ’ వంటి పుస్తకాలలో కఠినమైన విషయాలను పిల్లల తెలుగులో చెప్పి చూపించారు. 2005లో ఆయన కన్నుమూశారు. ఆ పుస్తకాలకు కదిలే బొమ్మలు జోడించాలన్న ఆలోచన మన ప్రభుత్వాలకు తట్టినట్టు లేదు.

సూరత్‌లోని తెలుగు బిడ్డకు, అమ్రోలిలోని ఒడియా బిడ్డకు ఏ పాఠం కావాలి? గ్రహాల చుట్టుకొలతలు తరువాత చెప్పవచ్చు. ఇంటి ముందున్న సాంచా నుంచే మొదలు పెట్టవచ్చు. శీతకాలంలో గాలి పొడిబారినప్పుడు పాలిస్టర్ దారం చేతికి చిటపటమంటూ ఎందుకు అంటుకుంటుంది? మగ్గాల షెడ్డులో గాలికి తేమ పట్టించాలని ఎందుకంటారు? రాపిడి వల్ల పుట్టే విద్యుత్తు గురించి ఏ పాఠ్యపుస్తకమూ చెప్పలేనంత బాగా ఆ దారమే చెబుతుంది. మరొకటి జకార్డు. ఎలక్ట్రానిక్ జకార్డులు రాక ముందు చీర అంచు మీద పువ్వును నడిపింది అట్ట ముక్కల మీది రంధ్రాలు. రంధ్రం ఉంటే పడుగు పోగు లేస్తుంది, లేకుంటే లేవదు. ఉన్నది, లేదు అనే రెండు మాటలతోనే పువ్వు పూస్తుంది. ఫ్రాన్సులో జోసెఫ్ మేరీ జకార్డు 1804లో కుదిర్చిన ఈ ఉపాయాన్నే ఇంగ్లండులో చార్లెస్ బాబేజ్ తన లెక్కల యంత్రానికి తీసుకోదలిచాడు. కంప్యూటరు పుట్టుక కథలో మగ్గానికి చోటున్నదని నేతపని వాని కొడుకుకు చెప్పకుండా, మరెవరికి చెబుతాం?

పూర్వపు నల్లగొండ జిల్లాలోని ఆలేరుకు చెందిన చింతకింది మల్లేశం కథ తెలుగువారికి తెలిసిందే. ఆరో తరగతితో చదువు ఆగిపోయింది. తల్లి లక్ష్మి రోజంతా చేయి ఆడిస్తూ ఆసు పోసి భుజం నొప్పితో బాధపడుతుంటే చూడలేక, ఏళ్ల తరబడి పట్టు విడవక 1999లో ఆసు యంత్రం తయారు చేశాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది, 2019లో సినిమా కూడా వచ్చింది. సత్కారాలు సరే. ఆ యంత్రంలో దారం కొక్కేల మీద ఎలా నడుస్తుందో, ఎన్ని తప్పుల తరువాత నడిచిందో అయిదు నిమిషాల బొమ్మల్లో చూపిస్తే, ఈ దేశంలో యంత్రాలు కనిపెట్టేవారు ఎక్కడి నుంచో దిగిరారని పిల్లలకు అర్థమవుతుంది.

ఆకాశానికి రాష్ట్రాల సరిహద్దులు లేవు. హైదరాబాద్ నుంచి వెలువడే తెలుగు పాఠం సూరత్ డాబా మీది డిష్షులోనూ పడగలదు. సరిహద్దులు ఉన్నవి కార్యాలయాలకు. గుజరాత్ గుజరాతీలో తీస్తుంది, తెలంగాణ తెలంగాణ బడికి తీస్తుంది. సూరత్‌లోని తెలుగు బడి ఎవరి జాబితాలోనూ ఉండదు. మూడు ప్రభుత్వాలను ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టవలసింది కేంద్రం. కేంద్రానికి ఇంతకంటే ఆసక్తికరమైన పనులున్నట్టున్నాయి. 2023లో పదో తరగతి పుస్తకం నుంచి జీవపరిణామ పాఠాన్ని, మూలకాల ఆవర్తన పట్టికను తొలగించారు. పరిణామాన్ని తీసివేయవద్దని 1,800 మందికి పైగా శాస్త్రజ్ఞులు, ఉపాధ్యాయులు లేఖ రాసినా చెవిన పెట్టలేదు. పై తరగతుల్లో ఉన్నాయి గదా అన్నది అధికారుల జవాబు. పదితో చదువు ఆపి సాంచా ఎక్కే పిల్లవాడికి పై తరగతి ఎక్కడిది?

శాస్త్రీయ దృక్పథాన్ని, జిజ్ఞాసను పెంపొందించుకోవడం పౌరుని విధి అని రాజ్యాంగంలోని 51-ఎ అధికరణం అంటున్నది. ఎమర్జెన్సీ నాటి 42వ సవరణ తెచ్చిన వాటిలో చాలావాటిని జనతా ప్రభుత్వం సరిదిద్దినా, ఇది నిలిచింది. నిలవదగినదే. కాని జిజ్ఞాస చాలా ఇబ్బందికరమైన వస్తువు. దానిని రగిలించాక ఇంతవరకే మండమని చెప్పలేము.

చెవి గురించి ఒక పాఠం తీశారనుకుందాం. లోపల నత్తగుల్ల వంటి చిన్న గది, అందులో సన్నని రోమాలున్న కణాలు, శబ్దం తాకినప్పుడు అవి ఊగే తీరు. బొమ్మల్లో ఎంతో ముచ్చటగా ఉంటుంది. పెద్ద చప్పుడులో ఏళ్ల తరబడి ఉంటే ఆ కణాలు చచ్చిపోతాయని, మనిషిలో అవి మళ్లీ మొలకెత్తవని కూడా చెప్పవలసి వస్తుంది. శబ్దం వల్ల వచ్చే చెవుడును చట్టం వృత్తి వ్యాధుల జాబితాలో చేర్చిన సంగతీ చెప్పవలసి వస్తుంది. అమ్రోలిలో ఆ పాఠం చూసిన పిల్ల ఇంటికి పోయి, నాన్నను రెండుసార్లు పిలిస్తే తప్ప ఎందుకు పలకడని అడుగుతుంది; నాన్న రేపు షెడ్డులో సేటును అడుగుతాడు. ఆ పాఠం ఫైలు విద్యా శాఖకు పోవాలా, కార్మిక శాఖకు పోవాలా అన్న మీమాంసలోనే పార్లమెంటు సమావేశాలు రెండు మూడు గడిచిపోగలవు.