ఏడ్చు బిడ్డకు బెత్తమా?

రాజోలు, అమలాపురం ప్రాంతముల నుండి అనేకులైన తల్లులు ఇంటిపనికై కువైటు మొదలగు దేశములకు వెళ్లియున్నారు. బిడ్డలు అమ్మమ్మల యొద్ద పెరుగుచున్నారు. అట్టి బిడ్డ బడిలో తోటివానిని కొట్టినయెడల మొండిఘటమందుము. రాత్రివేళ ఏడ్చినయెడల, "డబ్బు వచ్చుచున్నది గదా, నీకేమి తక్కువ?" అందుము. ఇదేమి మాట! లాజరు సమాధియొద్ద ప్రభువే కన్నీరు విడిచెను. మన బిడ్డ విడువకూడదా?

సామెతలలోని బెత్తము మనకు కంఠస్థమే. ఎఫెసీ పత్రిక 6:4లో పౌలు తండ్రులకు పెట్టిన హద్దు మాత్రము ఎవరికిని జ్ఞాపకము రాదు. 2009 విద్యాహక్కు చట్టము, 17వ సెక్షనులో, బడిలో దెబ్బలనే గాక మానసిక వేధింపును కూడ నిషేధించినది. చట్టమెరిగిన దానిని సంఘమెరుగదా?

పంతులుగారూ, బెత్తమెత్తకమునుపు "ఏమైనదిరా?" అని అడుగుడి. అమ్మమ్మలారా, కువైటు నుండి ఫోను వచ్చినప్పుడు మార్కుల సంగతి తరువాత. ముందు బిడ్డను ఏడ్వనియ్యుడి.