యానాంలో మాట నేర్పేవారు కావాలి

గౌరవనీయులైన జిప్మర్ ఆసుపత్రి డైరెక్టరు గారికి,


నాది యానాం. ఎనిమిది నెలలుగా పుదుచ్చేరిలోని ముదలియార్‌పేటలో మా అక్కగారింట్లో ఉంటున్నాను. ఎడమ బుగ్గలో పొగాకు పెట్టుకునే అలవాటు నాకు ఇరవై ఏళ్లు ఉంది. క్యాన్సర్ అక్కడే పుట్టింది. ఒక ఆసుపత్రిలో దవడ ఎముక కొంత తీసేశారు. పిక్క పక్కనుండే సన్న ఎముకను రక్తనాళాలతో సహా కోసి తెచ్చి, టైటానియం పలకతో అక్కడ బిగించారు. ఆ నాళాలను మెడలోని నాళాలకు కుట్టారు. తర్వాత ఆరు వారాల్లో 30 సార్లు రేడియేషన్. ప్రాణం దక్కింది. ఆ వైద్యులకు జన్మంతా రుణపడి ఉంటాను.

అసలు కష్టం అక్క ఇంటికొచ్చాకే తెలిసింది. ముక్కు గొట్టం తీసిన రోజు అక్క రాగిజావ వడకట్టి చెంచాతో పోసింది. కింది పెదవికి స్పర్శ లేదు. జావ గడ్డం మీదికి కారుతోందని ఆవిడ తుడిస్తేనే నాకు తెలిసింది. మామూలుగా నోట్లో మూడు వేళ్లు నిలువుగా పట్టాలి. అప్పట్లో నాకు ఒక్క వేలు పట్టడమే గగనమైంది. ఐస్‌క్రీమ్ పుల్లలు పేర్చి పళ్ల మధ్య పెట్టుకుని రోజుకు ఐదారుసార్లు నోరు సాగదీస్తున్నాను. ఏడు పుల్లల దగ్గర మొదలై పదమూడుకు వచ్చాను. నాలుగు రోజులు మానేస్తే మళ్లీ బిగుసుకుంటుంది.

మాట ఇంకా కష్టం. ప, బ, మ పలకాలంటే పెదవులు కలవాలి. సాధన చెయ్యమని నాకిచ్చిన కాగితంలో మాటలన్నీ తమిళంలో ఉన్నాయి. ఇచ్చినామె ఎంతో ఓపికగా నేర్పింది, ఆమెను తప్పుపట్టను. కానీ తమిళ లిపిలో ప, బ రెండింటికీ ఒకటే అక్షరం. నాకు పలక వేరు, బలపం వేరు. మా తమ్ముడు యానాం నుంచి పెద్దబాలశిక్ష పంపాడు. రోజూ అందులో చూసి పైకి చదువుతున్నాను. ఫోన్లో "భోంచేశావా" అని నేనడిగింది మా ఆవిడకు మొన్ననే మొదటిసారి అర్థమైంది. ఆమె ఏడ్చింది.

2024 ఫిబ్రవరిలో యానాంలో మీ 90 పడకల యూనిట్ ప్రారంభమైంది. పుదుచ్చేరికీ మా ఊరికీ మధ్య 800 కిలోమీటర్లకు పైనే. పుల్లల సాధన సరిగ్గా చేస్తున్నాడో లేదో చూపించుకోవడానికి కూలిపని చేసుకునేవాడు అంత దూరం రాగలడా? యానాం యూనిట్‌లో వారానికి ఒక రోజు మాలాంటివారికి కేటాయించండి. నోరు తెరవడం, మింగడం, మాట్లాడటం తెలుగులో నేర్పించండి. రేడియేషన్‌కు ముందే పళ్లు చూపించుకోవాలనీ, తర్వాత పన్ను పీకితే దవడ ఎముక కుళ్లే ప్రమాదముందనీ ఊరివాళ్లకు అర్థమయ్యేలా చెప్పించండి. మాకు పైన, ఉత్తరాంధ్ర తీరంలో, చుట్ట నిప్పు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ఆడవాళ్లున్నారు. అంగిలి క్యాన్సర్ ముప్పు వాళ్లకెక్కువ. వాళ్లకూ ఆ శిక్షణ పనికొస్తుంది.

యానాంలో తెలుగుకు 1965 నాటి పాండిచ్చేరి అధికార భాషా చట్టమే చోటిచ్చింది. ఆ చోటు ఆసుపత్రి గదిలోనూ ఉండాలని నా మనవి.

సంక్రాంతికి ఇంటికి వెళ్తున్నాను. పుల్లలు నేను తీసుకెళ్తాను. నేర్పేవారిని మీరు పంపండి.

ఇట్లు,
ఒక యానాం వాసి,
ముదలియార్‌పేట, పుదుచ్చేరి