డెకరేషన్, సార్!

మేనల్లుడి మాట కాదనలేక ముంబయి లోయర్ పరేల్‌లో ఓ రంగుల హోటల్లో రాత్రి ఉన్నాను. పసుపు గోడ, గులాబీ కుర్చీ, చిలకపచ్చ పరదా. (అద్దె చెప్పను, షోలాపూరులో మా ఇంట్లో గొడవవుతుంది.) తలాపున గాజుపెట్టెలో కండెలు, ఒక నాడె. ఏమిటివంటే "డెకరేషన్, సార్" అన్నాడు గది కుర్రాడు.

డెకరేషనా? ఆ పేట గిరణ్‌గావ్, మిల్లుల ఊరు. మరాఠీ కార్మికుల పక్కన మన పద్మశాలీలూ సాంచాల మీద నిలబడ్డారు. మా నాన్న వాళ్లలో ఒకడు. 1982 జనవరి 18న దత్తా సామంత్ వెంట సుమారు రెండున్నర లక్షల మంది సమ్మెకు దిగారు. వేలాదిమందికి మిల్లు గేటు మళ్లీ తెరుచుకోలేదు. మిల్లు నేల మారితే మూడోవంతు నగరానికి, మూడోవంతు చౌక ఇళ్లకు అన్నాయి 1991 నిబంధనలు. 2001లో ఆ లెక్కను ఖాళీ నేలకే కుదించారు. 2006లో సుప్రీంకోర్టు సరేనంది. లేచాయి అద్దాల మేడలు!

హోటలువాడు వ్యాపారి, వాణ్ణేమనాలి? నా కోపం మనవాళ్ల మీద. "థీమ్ బాగుంది మామా" అన్నాడు మేనల్లుడు. వాడి తాత పట్టిన పనిముట్టు అది. ఎవరు చెప్పారు వాడికి? మన సంఘం సావనీర్ల నిండా దాతల ఫోటోలే, సాంచా కార్మికుడి పేరొక్కటి లేదు. నేనూ చందా కట్టి ఊరుకున్నవాణ్ణే. ఈ ఏడు మాత్రం నాన్న పేరు, ఖాతా, పనిచేసిన ఏళ్లు రాసి పంపుతున్నాను. వేయకపోతే చందా లేదు.